పల్లంలో ఏం లేదు

ఆ రోజు ఉదయం ఆకాశం ఉతికి పిండకుండా ఆరేసిన దుప్పటిలా బరువుగా కిందికి జారి ఉంది. చినుకు మాత్రం లేదు. వానలకు ముందు అలాంటి పొద్దులు కొన్ని వస్తాయి. అప్పుడు దూరపు చప్పుళ్ళు కూడా చెవి పక్కనే పుట్టినట్టుంటాయి. మెరక మీద ఎవరో ఏవో దిగ్గొడుతుంటే, పల్లంలో చిక్కుడు పందిరి కింద నిలబడ్డ నాకు ఒక్కో దెబ్బా విడివిడిగా వినిపించింది.

పెదనాన్న బోదెలో పూడిక తీస్తున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"ఎవడ్రా అది, పొద్దున్నే?"

"మెరక కొన్నవాళ్ళు."

"ఏం పాతుతున్నారు?"

"కర్రలు. కొసలకి ఎర్ర గుడ్డలు కట్టారు."

ఆయన పార ఆపి కాసేపు విన్నాడు. "మొలవని వాటిని అంత లోతుగా పాతడం ఎందుకురా," అని మళ్ళీ వంగాడు.

మా ఊరికి ఒక పక్క మెరక, ఇంకో పక్క పల్లం. మెరక మీద పడ్డ వాన పల్లంలోకి దిగి, బోదెల వెంట తొందర లేకుండా నడిచి, వాగులో కలుస్తుంది. మా ఇల్లు ఆ రెంటికీ నడుమ. నాన్న పోయాక అక్కనీ నన్నూ పెంచింది పెదనాన్నే. పల్లంలో ఏ మూల ఏం వేయాలో, ఎప్పుడు ఏ గండి తెరవాలో ఆయన మాటే మాట. మాట అంటున్నాను గానీ, ఆయన ఎక్కువగా వేలు చూపిస్తాడు. నాకూ అదే అబ్బింది.

అక్క మొగుడు, మా బావ, జిల్లా ప్రణాళిక ఆఫీసులో పని చేస్తాడు. ఏ నేల సాగుకి, ఏది ఇళ్ళకి, ఏది వ్యాపారానికి అని పటం మీద రంగులు వేసి ఉంచే ఆఫీసు అది. మా పల్లం మొత్తం ఆ పటంలో ఆకుపచ్చ. ఆ రంగు ఉన్నంత కాలం మెరక మీద ఎవరు ఏం కట్టినా పల్లంలోకి దిగే నీటిదారిని ముట్టుకోకూడదు, పల్లంలో ఒక తట్ట మట్టి పోయకూడదు. ఈ సంగతి మాకు చెప్పింది బావే. పెళ్ళయిన కొత్తలో పటం తెచ్చి అరుగు మీద పరిచి, మా చెక్క ఇదీ అని గోటితో చూపించాడు. పెదనాన్న చాలాసేపు చూసి, "ఇంతేనా," అన్నాడు.

ఆ కర్రలు పాతిన రోజే మధ్యాహ్నం బావ బండి మీద వచ్చాడు. చంకలో అట్ట, జేబులో రెండు పెన్సిళ్ళు.

"ఏరా బామ్మర్దీ, ఈ ఏడాది ఏమైనా మాట్లాడావా?"

నేను నవ్వాను.

"ఇది లెక్కలోకి రాదు," అన్నాడు బండికి స్టాండు వేస్తూ.

మా ఆవిడ చెంబుతో నీళ్ళు తెచ్చింది. "వదినని తీసుకురాలేదేం అన్నయ్యా?"

"ఆఫీసు పని మీద వచ్చాను చెల్లెమ్మా. ఇవాళ నేను మీ అన్నయ్యని కాదు, ప్రభుత్వాన్ని."

"ప్రభుత్వానికి చెంబు చాల్లే. గ్లాసు మా అన్నయ్య వచ్చినప్పుడు తీస్తాను."

బావ ఎత్తి పట్టి గటగటా తాగాడు. పెదనాన్న చేతులు కడుక్కుని వచ్చి అరుగు మీద కూర్చున్నాక విషయం చెప్పాడు. మెరక మీద ఒక కంపెనీ పెద్ద వ్యాపార సముదాయం కట్టబోతోంది. గోడౌన్లు, కోల్డ్ స్టోరేజీలు, వరసగా దుకాణాలు, లారీలు ఆగే మైదానం. మెరక చాలదట. పల్లం కూడా రంగు మార్చి తమకు కలపమని అడిగారట. అలా మార్చే ముందు నేల మీద, నీటి మీద, మనుషుల మీద దాని ప్రభావం ఎంతో ఆఫీసు అంచనా వేయాలి. అందుకు పై నుంచి ఒక మేడం వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి అడిగే పని బావకు పడింది.

"వేరేవాళ్ళు వస్తే మీ ఊరివాళ్ళు తలుపు కూడా తీయరని నన్ను పంపారు మామయ్యా. ఇది గొడవ లేకుండా ముగిస్తే ఈసారి నన్ను పర్మనెంట్ చేస్తామన్నారు."

"ఈసారీ అన్నారా?" అన్నాడు పెదనాన్న.

బావ నవ్వలేదు. అట్ట మోకాలి మీద పెట్టుకుని పెన్సిల్ తీశాడు.

"పల్లంలో ఇప్పుడు ఏముంది?"

పెదనాన్న గడ్డం గోక్కున్నాడు. ఆయన వీపు వెనక పల్లం నిండా చిక్కుడు, పందిరి కర్ర ఒక్కటీ కనపడకుండా అల్లుకుని ఉంది. దాని పక్కన నారుమళ్ళు. ఆ పక్కన పాకలో అడుగు పెట్టే చోటు లేకుండా ఆరబోసిన ఉల్లి.

"ఏముంటుంది. ఏం లేదు."

బావ రాసుకున్నాడు. "నీళ్ళు?"

"ఏవో వస్తాయి. ఏవో పోతాయి."

"ఈ కట్టడాలు వస్తే మీకు ఇబ్బందేమైనా ఉందా?"

"మాకేం ఇబ్బంది. ఎలాగో బతికేస్తాం."

"ఇంకేమైనా చెప్పాలనుందా?"

"మేం చెప్పేదేముంది అల్లుడూ. భోంచేసి వెళ్ళు."

మా వైపు మాట తీరే అది. పంట బాగుందని ఎవరూ నోటితో అనరు. అంటే దిష్టి తగులుతుందని కొందరు, గొప్పలెందుకని కొందరు. ఇల్లంతా ఉల్లి నింపుకున్నవాడు కూడా ఏదో నాలుగు గడ్డలు అంటాడు. నిజంగా గాదె అడుగంటినవాడే "బాగానే ఉందండీ" అంటాడు. అది విన్న పక్కింటివాళ్ళు పొద్దుపోయాక ఒక గంప వాడి గుమ్మంలో పెట్టి, తలుపు తట్టకుండా వెళ్ళిపోతారు. మాలో మాకు ఇది ఎవరూ విప్పి చెప్పరు. పిల్లలు పాలతో పాటు నేర్చుకుంటారు.

భోజనమయ్యాక బావ నాతో పల్లంలోకి దిగాడు. పందిరి కింద వంగి నడుస్తూ ఒక లేత కాయ తెంపి కొరికాడు.

"విరగ్గాసిందిరా."

"ఏదో."

"మీ ఊళ్ళో ఏదో అంటే గంపలు చాలడం లేదని," అని నవ్వాడు. నవ్వుతూనే మెరక వైపు చూశాడు. ఎర్ర గుడ్డలు గాలి లేక వేలాడుతున్నాయి. మిగిలిన కాయ నోట్లో వేసుకోకుండా చేతిలోనే పట్టుకుని గట్టెక్కాడు. ఆ పూట మిగతా ఇళ్ళన్నీ తిరిగాడు.

తొలి వానలు పలచగా పడ్డాయి. వాటితో పాటు మెరక మీదికి యంత్రాలొచ్చాయి. నేల లోతు చూడటానికి ఒకటి, గుట్టలు చదును చేయడానికి ఇంకొకటి. అవి నడిచినంత సేపు మా బావిలో నీటి మీద సన్నటి వణుకు కనిపించేది. చేద వేయబోయి మా ఆవిడ రోజూ ఒక క్షణం ఆగేది. మెరకలో పుట్టలు పెకలించేసరికి పాములు పల్లంలోకి దిగాయి. పందిరి కిందికి వెళ్ళే ముందు కర్రతో నేలను తట్టుకుంటూ వెళ్ళడం అప్పుడే మొదలుపెట్టాం. ఒకనాడు టోపీలు పెట్టుకున్న ఇద్దరు వచ్చి మా ప్రహరీ మీద మోకాలెత్తున ఒక ఎర్ర గీత గీశారు. ఎందుకని మా ఆవిడ అడిగితే, కొలత అన్నారు.

"దేని కొలత?"

"మట్టం అమ్మా."

"ఏ మట్టం?"

వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని డబ్బా మూత బిగించుకుని పోయారు. పెదనాన్న వచ్చి ఆ గీత పక్కన నిలబడ్డాడు. అది ఆయన మోకాలికి కాస్త పైన ఉంది. గోటితో గీకి చూశాడు. పోలేదు.

ఊరివాళ్ళ అభిప్రాయం వింటామని బడిలో సభ పెట్టారు. ఆ రోజు పొద్దుటి నుంచీ సన్నటి జల్లు. అందరూ తడి గొడుగులు గోడకి ఆనించి పిల్లల బల్లల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. ముందు వరసలో కంపెనీవాళ్ళు, వాళ్ళ వకీలు. బల్ల వెనక మేడం. ఆమె మొహంలో దురుసుతనం లేదు. మాటిమాటికీ కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంటోంది. ఆమె పక్కన బావ. నల్లబల్ల మీద పటం తగిలించి ఉంది. పల్లం ఇంకా ఆకుపచ్చగానే ఉంది.

"ఈ పల్లం సాగుభూమిగా ఉండాలా, వ్యాపారానికి మారాలా అన్నదే ఇవాళ తేలాలి," అంది మేడం. "ముందు మీరు ఇచ్చిన జవాబులే మీకు వినిపిస్తాను. తప్పుంటే చెప్పండి."

మొదటి ఇల్లు మంగలిది. చదివింది. "పల్లంలో ఏముంది? ఏం లేదు. ఇబ్బంది ఉందా? మాకేం ఇబ్బంది."

ఎవరో కిసుక్కుమన్నారు. మంగలి వంచిన తలతో తనూ నవ్వాడు.

తరవాత కుమ్మరి ఇల్లు. "ఏం లేదు. ఎలాగో బతుకుతాం." తరవాత పాలు పోసేవాడిది. "ఏం లేదండీ, ఏదో నాలుగు మొక్కలు." ఈసారి బడంతా నవ్వింది. పాలవాడి పల్లంలో మొక్కజొన్న మనిషిని మింగేసేంత ఎత్తుంది.

"నాలుగు మొక్కలట," అని వాడి తోడల్లుడు మోచేత్తో పొడిచాడు. "ఒక్కోటి ఎక్కడ పెట్టావురా?"

మేడం చదువుతూనే ఉంది. ఏం లేదు. ఏం లేదు. ఏదో. మాకేం ఇబ్బంది. ఒకే గొంతు, ఒకే తీరు. ఇంకొన్ని ఇళ్ళయ్యేసరికి నవ్వులు పలచబడ్డాయి. ఇంకొన్నయ్యేసరికి పెంకుల మీద జల్లు వినపడింది. మా మాటలు ఇంకొకరి నోట్లోంచి వస్తుంటే అప్పుడే మొదటిసారి విన్నట్టు అందరూ నల్లబల్ల వైపు చూస్తున్నారు. మా ఇంటి జవాబు వచ్చేసరికి ఎవరూ కదల్లేదు.

"ఇవి మీరన్న మాటలేనా?" మేడం పెదనాన్నను అడిగింది.

ఆయన లేచాడు. "అన్నాం."

"అయితే పల్లంలో సాగు లేనట్టే కదా?"

"అలా కాదమ్మా."

"మరి ఏముందో చెప్పండి. ఇప్పుడు చెప్పినా రాసుకుంటాను. ఏం వేశారు, ఎలా ఉంది? మీ నోటితో చెప్పండి, చాలు."

కంపెనీవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. పెదనాన్న రెండు చేతులూ ముందున్న బల్ల అంచు మీద ఆనించాడు.  ఆయన కళ్ళ ముందు ఆ పందిరి ఉందని నాకు తెలుసు. పొద్దున కోసుకొచ్చిన గంపలు మా అరుగు మీదే ఉన్నాయి. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ బాగుంది అని అనని నోరు అది. ఊరందరి ముందు, ముక్కూ మొహం తెలియనివాళ్ళ ముందు, మా పంట బాగుందని అనడానికి ఆ నోరు తెరుచుకుంది. మూసుకుంది. మళ్ళీ తెరుచుకుంది.

"ఏదో... ఉందమ్మా," అన్నాడు.

ఆడవాళ్ళ వైపు నుంచి మా ఆవిడ లేచింది. "మా మాట తీరు అంతేనమ్మా. లేదంటే ఉందనే."

వకీలు తిరిగాడు. మర్యాదగానే అడిగాడు. "అయితే ఉందంటే లేదనా అమ్మా?"

ఆమె ఆలోచించింది. మా ఆవిడకి అబద్ధం చేతకాదు.

"అవునండీ."

ముందు వరస నవ్వింది. మావాళ్ళలో కూడా ఒకరిద్దరు నవ్వి, వెంటనే ఆపుకున్నారు. మేడం మాత్రం నవ్వలేదు. కళ్ళద్దాలు పెట్టుకుని పక్కకి తిరిగింది.

"నేను బయటి నుంచి వచ్చినదాన్ని. మాట పై అర్థమే నాకు తెలుస్తుంది. మీరు ఈ ఊరి అల్లుడు కదా. ఈమె చెప్పింది నిజమేనా? ఇక్కడ ఏం లేదు అనే మాటకి వేరే అర్థం ఉందా?"

బావ పెన్సిల్ చెక్కుతున్నాడు. అప్పటికే మొన బాగా ఉంది. ఇంకా చెక్కుతున్నాడు.

"బావా," అన్నాను నేను. లేవకుండానే అన్నాను గానీ, బడిలో అందరికీ వినపడింది.

ఆయన నా వైపు చూడలేదు. బల్ల మీది చెక్కుపొట్టుని అరచేత్తో ఒక పక్కకి తోశాడు.

"మాటకి మాటేనండి," అన్నాడు మేడంతో. "వాళ్ళు అన్నదే రాశాను."

మేడం తల ఊపి, తరవాతి ఇంటి జవాబు తీసింది.

పటంలో రంగు మారడానికి ఎంతో కాలం పట్టలేదు. ఆ కబురు పాలవాడు తెచ్చాడు. ఆకుపచ్చ చెరిపి బూడిద రంగు వేశారట. వినియోగంలో లేని నేల అని దాని అర్థమట. పెదనాన్న విని, చుట్ట ముట్టించుకోబోయి, అగ్గిపుల్ల కాలి వేలిని అంటుకునేదాకా పట్టుకుని కూర్చున్నాడు.

లారీలు రావడం మొదలైంది. పగలంతా మా ఇంటి ముందు నుంచే. గిన్నెల అరమీద గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగేవి. మెరక మీది మట్టి తెచ్చి పల్లం పై అంచున పోశారు. కట్ట లేచింది. కట్ట మీద గోడ లేచింది. వాన ఏ దారిన దిగేదో ఆ దారికి అడ్డంగా లేచింది. కొలవడానికి వచ్చినవాళ్ళని పెదనాన్న అడిగాడు, నీళ్ళు ఎటు పోతాయని. పైపులు వేస్తాం తాతా అన్నారు.

అసలు వాన అప్పుడు పట్టుకుంది. మూసిన తలుపు వెనక మనిషి నిలబడ్డట్టు నీళ్ళు కొంతసేపు ఆ గోడ వెనక ఆగాయి. తరవాత మేం ఎప్పుడూ చూడని వైపు నుంచి వచ్చాయి. మా పెరటి వెనక నుంచి, చప్పుడు లేకుండా, ఎర్రగా. పల్లంలో నిండి, అక్కడే ఉండిపోయాయి. బోదెలు ఎక్కడున్నాయో తెలియలేదు. పెదనాన్న నడుములోతు దిగి కాలితో వెతికి గండి తెరిచాడు. నీళ్ళు కదల్లేదు. వాగుకి వెళ్ళే దారి కట్ట మీంచి కొట్టుకొచ్చిన మట్టితో పూర్తిగా మూసుకుపోయింది. ఆయన అక్కడే నిలబడి నీటి మీద చెయ్యి పెట్టి, పశువుని పక్కకి తోలినట్టు ఒకసారి తోశాడు.

చిక్కుడు పైకి మాత్రం కొన్నాళ్ళు పచ్చగానే ఉంది. కింద కుళ్ళుతోంది. ఆ వాసన ఇంట్లో నీళ్ళకుండ దాకా వచ్చింది. పాకలో ఉల్లి మొలకలు లేచి మెత్తబడింది. నీళ్ళు ప్రహరీకి చేరి, ఎర్ర గీతకి కాస్త కిందుగా ఆగాయి.

ఆ రోజుల్లోనే పెదనాన్న మాట్లాడటం మొదలుపెట్టాడు.

పొద్దున్నే గొడుగు లేకుండా రోడ్డు పక్కన నిలబడేవాడు. లారీ ఏదైనా నెమ్మదిస్తే చాలు, దగ్గరికి వెళ్ళేవాడు.

"మా పల్లంలో చిక్కుడు వేశామండీ. విరగ్గాసింది."

"ఆఁ, సరే తాతా."

"ఉల్లి కూడా బాగా వచ్చింది. పాక నిండా. నారు మంచి చేవగా ఉంది. అంతా బాగుందండీ."

"మంచిదే. పక్కకి జరుగు."

సైకిల్ మీద పోయేవాళ్ళకి చెప్పాడు. టోపీలవాళ్ళకి చెప్పాడు. బడిలో నోరు దాటని మాటలన్నీ ఒక్కటి కూడా మిగల్చకుండా, అరిచి కాదు, వివరంగా, ఎవరో రాసుకుంటున్నట్టు ఆగి ఆగి చెప్పేవాడు. ఊరివాళ్ళు మాత్రం ఆయన్ని చూసి దారి మార్చుకోసాగారు. ఆ మాటలు వినలేకపోయారు. మా వైపు ఆ మాటకి ఏం అర్థమో వాళ్ళకి తెలుసు.

నేను వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. ఆయన నా మొహం చూశాడు.

"బాగుంది కదరా?"

"బాగుంది పెదనాన్నా."

"మరి చెప్పాలి కదా."

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి మా ఆవిడ తలుపు తీసేసరికి గుమ్మంలో ఒక గంప ఉంది. మొక్కజొన్న పొత్తులు, కొన్ని తడిసిన కాయలు. పాలవాడి పల్లం కూడా మునిగింది. చేతికందినవి ఏరుకొచ్చినట్టున్నాడు. ఆమె ఆ గంప ముందు కూర్చుండిపోయింది. మా గుమ్మంలో ఎవరూ గంప పెట్టిన రోజు అంతకు ముందు లేదు. చాలాసేపటికి గంపని రెండు చేతులతో ఎత్తి లోపలికి తెచ్చింది.

"ఆయన్ని ఇంక రోడ్డు మీదికి పోనివ్వకు," అంది నాతో.

పెదనాన్న మర్నాడు తనంతట తానే మానేశాడు. అరుగు మీద నీటికి వీపు పెట్టి కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం అక్క వచ్చింది. సభ తరవాత రావడం ఇదే. ఆమె వెనక బావ. ఇస్త్రీ చొక్కా, మెడలో కొత్త గుర్తింపు కార్డు. రోడ్డు వెడల్పు చేయడానికి కొలతలు తీసే పని ఇప్పుడు ఆయనదే. కొలత గొలుసు పట్టేవాళ్ళు లారీ నీడన ఆగారు. మా అరుగు సగం దాకా పోతుందని వాళ్ళు అనుకోవడం నేను విన్నాను.

అక్క తిన్నగా వంటింట్లోకి పోయింది. లోపల కాసేపు గిన్నెల చప్పుడే. తరవాత ఆమె గొంతు.

"పర్మనెంట్ అయింది."

మా ఆవిడ గిన్నె బోర్లించిన చప్పుడయింది.

"ఆయనకి నిద్ర పట్టడం లేదు. తెల్లారేదాకా కూర్చునే ఉంటాడు. అడిగితే చెప్పడు. నేనేం చెయ్యను చెప్పు. వెళ్ళకపోతే ఇంకొకడు వెళ్ళేవాడు అంటాడు."

"ఇంకొకడయితే మా మాట తెలియదులే అనుకునేవాళ్ళం వదినా," అంది మా ఆవిడ.

బావ గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు. బూట్లకి ఎర్ర బురద. నేను లేవబోయాను. నాకంటే ముందు పెదనాన్న ఇటు తిరిగాడు. బావని చూశాడు. మెడలో కార్డు చూశాడు.

"కాళ్ళు కడుక్కో అల్లుడూ," అన్నాడు. "భోజనం వేళయింది."

బావ నోరు తెరిచి ఏదో అనబోయాడు. పెదనాన్న అప్పటికే లోపలికి నడుస్తున్నాడు.

అందరం కూర్చున్నాం. పెదనాన్న గోడ పక్కన, ఆయన ఎదురుగా బావ, ఆ పక్కన నేను, నా పక్కన అక్క. కూర బంగాళాదుంప. బజారులో కొన్నది. మా ఇంట్లో కూరగాయలు కొనుక్కుని వండటం ఈ వానలతోనే మొదలైంది. మా ఆవిడ అందరికీ ఒకేలా పెట్టింది. తలలు వంచుకుని కలుపుకున్నాం.  బావ మెడలో కార్డు పళ్లెంలోకి వేలాడుతుంటే ఎడం చేత్తో తీసి వీపు వెనక్కి వేసుకున్నాడు.

రెండోసారి వడ్డించడానికి మా ఆవిడ గిన్నె పట్టుకుని వచ్చింది. పెదనాన్నకి వేసింది. బావ దగ్గరికి వచ్చి వంగింది. ఆయన పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. మా ఇళ్ళల్లో ఎవరైనా అలా చెయ్యి పెడతారు. ఎంత ఆకలి ఉన్నా పెట్టాల్సిందే. వడ్డించేవాళ్ళు ఆ చేతిని లెక్కచేయరు, వేళ్ళ సందుల్లోంచైనా ఒక గరిటె పడుతుంది. తినేవాడు చెయ్యి పెట్టేదీ అందుకే.

మా ఆవిడ గరిటె ఆగింది. ఆ చేతిని చూసింది. గరిటె మళ్ళీ గిన్నెలో ఉంచి, నా పళ్లెం దగ్గరికి జరిగింది.

బావ చెయ్యి అలాగే ఉంది. బయట లారీ ఏదో వెనక్కి వస్తూ కూస్తోంది. అరమీద గ్లాసులు మోగాయి, ఆగాయి. అక్క కలిపిన అన్నాన్నే మళ్ళీ కలుపుతోంది. పెదనాన్న తింటున్నాడు.

కొంతసేపటికి బావ చెయ్యి తీసుకున్నాడు. పళ్లెం అంచున మిగిలిన మెతుకుల్ని వేళ్ళతో దగ్గరికి లాక్కుని, ఒక్కొక్కటే తినడం మొదలుపెట్టాడు.